ముగ్గు పోసి చూసుకున్న తోట: ఘట్‌కేసర్ వైపు 300 గజాల ఇంటి కేస్ స్టడీ

మేడం ఫోన్‌లో "గార్డెన్" పేరుతో ఒక ఫోల్డర్ ఉంది. అందులో 143 ఫొటోలు. బాలిలో ఏదో రిసార్టు, కేరళలో పెంకుటిల్లు, ఇంగ్లండులో గులాబీ తీగలు పాకిన రాతి గోడ, బెంగళూరులో ఎవరిదో విల్లా. 2023 మే 11న నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు మజ్జిగ ఇచ్చి, ఆ ఫోన్ నా చేతిలో పెట్టి, "వీటిల్లో ఏదో ఒకటి మా ఇంటికి కుదిరేలా చేసి పెట్టండి" అన్నారు.

ఇలా ఫోన్ చేతికివ్వడం నాకు అలవాటే. పదిహేనేళ్ల కింద నేను ఇళ్లకు తోటలు డిజైన్ చేసే ఈ పనిలోకి వచ్చినప్పుడు ఇంటివాళ్లు "మీ ఇష్టం, పచ్చగా ఉంటే చాలు" అనేవాళ్లు. ఇప్పుడు ఎవరినడిగినా వంద ఐడియాలు ఉంటాయి, ఒక్కటీ వాళ్ల గేటు లోపలిది కాదు. ఈ ఇల్లు గురించి రాయడానికి కారణం, ఇక్కడ ఏ ఐడియా ఎక్కడ దొరికిందో నా నోట్‌బుక్‌లో తేదీలతో సహా ఉంది. నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా అందులోనే ఉంది.

స్థలం, దాని కింద ఉన్నది

తూర్పు ముఖం ఇల్లు. ప్లాటు 45 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. ముందు 18 అడుగులు, వెనక 8, ఉత్తరాన 8, దక్షిణాన 4 వదిలి కట్టారు. ముందు భాగం మధ్యలో కారు పోర్టికో 10 అడుగులు తీసుకుంది. దానికి దక్షిణంగా 24 అడుగుల జాగా, ఉత్తరంగా 11 అడుగులు. ఆ ఉత్తరం ముక్కలోనే సంపు, బోరు ఉన్నాయి. వంటిల్లు ఆగ్నేయంలో ఉంది కాబట్టి దాని తలుపు తీస్తే పది అడుగుల్లో ముందు జాగా. ఇంట్లో ఉండేది నలుగురు: బ్యాంకు ఉద్యోగం చేసే సార్, ప్రభుత్వ బడిలో టీచరైన మేడం, మూడో తరగతి చదివే పాప, సార్ వాళ్ల అమ్మ. ఆమెను నేను పెద్దమ్మ అనేవాణ్ణి, ఆమె నన్ను మొదటి రోజు నుంచే బిడ్డా అంది.

దక్షిణం వైపు జాగాలో అప్పటికే ఒక లాన్ ఉండేది, ఉండేది అంటే ఒకప్పుడు. 400 చదరపు అడుగుల మెక్సికన్ గ్రాస్, మూడేళ్ల కింద వేయించారు. నేను వెళ్లేసరికి అది నవారు మంచం మీద చిరిగిన దుప్పటిలా ఉంది. ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి గడ్డపారతో ఒక గుంట తవ్వించాను. పైన రెండంగుళాల ఎర్రమట్టి. దాని కింద బాత్రూం టైల్స్ ముక్కలు, గట్టిపడిన సిమెంటు బస్తా ఒకటి, ఇటుక పెళ్లలు, ఎవరిదో చెప్పు. పద్నాలుగు అంగుళాల దగ్గర మొరం తగిలింది, గడ్డపార ఖంగుమని ఎగిరింది. గుంట నిండా నీళ్లు పోసి వెళ్లిపోయాం. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే సగం నీళ్లు అలాగే ఉన్నాయి. బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, మీటరులో 1150 చూపించింది. మట్టి పరీక్షలో పీహెచ్ 8.2 వచ్చింది, అంటే మట్టిలో క్షారం ఎక్కువ. ఇల్లు కట్టేటప్పుడు రాలిన సున్నం, సిమెంటు అంతా అందులోనే ఉంది మరి. పక్కనున్న మందారానికి కొత్త ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, ఆ ఆకు చెప్పేది అదే.

అంతకుముందు ఒక కంపెనీ వాళ్లు వచ్చి 2,40,000కి కొటేషన్ ఇచ్చి వెళ్లారట: ఆర్టిఫిషియల్ గ్రాస్, చిన్న వాటర్ ఫాల్, తెల్ల గులకరాళ్లు. శాంపిల్ ముక్క ఇంకా వరండాలో ఉంది. దాన్ని తీసుకెళ్లి మధ్యాహ్నం రెండింటికి ఎండలో పరిచి, "మేడం, చెప్పులు విడిచి ఒకసారి నిలబడండి" అన్నాను. ఒక కాలు పెట్టి తీసేశారు. ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

143 నుంచి పదికి, పది నుంచి మూడు మాటలకు

ఫొటోలు పనికిరావని నేను అనను. వాటిని ఎలా అడగాలో తెలియాలి. మేడంకి ఒక హోంవర్క్ ఇచ్చాను (టీచరుకు హోంవర్క్ ఇవ్వడం నాకు సరదాగా అనిపించిందని ఒప్పుకుంటాను). 143లోంచి పది మాత్రం ఉంచుకోవాలి. ఒక్కో ఫొటోలో ఏది నచ్చిందో మొక్క పేరు, వస్తువు పేరు ఎత్తకుండా ఒక్క వాక్యంలో రాయాలి.

రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో వచ్చినవి ఇలా ఉన్నాయి. "ఇక్కడ కూర్చోవాలనిపిస్తోంది." "కాంపౌండ్ గోడ కనపడట్లేదు." "నేల చల్లగా ఉన్నట్టుంది." "దారి ఒంపు తిరిగింది, చివర ఏముందో తెలియట్లేదు." "ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది." పదింటిలో ఏడు ఫొటోల్లో నీడ ఉంది. ఒక్క వాక్యంలో కూడా లాన్ ఊసు లేదు. వాటర్ ఫాల్ ఉన్న ఫొటో ఒకటి ఉంది గానీ దాని కింద "నేల చల్లగా" అనే రాశారు.

అంటే ఆమెకు కావాల్సింది బాలి కాదు. నీడలో కూర్చునే చోటు, గోడను కప్పే పచ్చదనం, ఒంపు తిరిగిన దారి. ఈ మూడింటికీ ఏ దేశం నుంచీ ఏమీ తెప్పించక్కర్లేదు. నేను ఏ ఇంట్లోనైనా ఈ వ్యాయామం చేయిస్తాను. సార్‌కి కూడా ఇచ్చాను, ఆయన "కారు తీయడానికి ఇబ్బంది లేకపోతే చాలు" అని ఒకే ఒక్క వాక్యం రాశారు. అదీ ఒక ఐడియానే, తర్వాత పనికొచ్చింది.

పొద్దున ఆరింటికి కాలనీ

ఆదివారం పొద్దున ఆరింటికి మేడం, పాప, నేను కాలనీలో రెండు వీధులు నడిచాం. సుమారు నలభై ఇళ్లు. పాప చేతిలో నోట్‌బుక్. నేను పెట్టిన షరతు ఒక్కటే: అందంగా ఉన్న మొక్కను రాయొద్దు, ఎవరూ పట్టించుకోకుండా ఉన్నా ఐదేళ్లకు పైగా బతికిన మొక్కను రాయాలి. ఆ మట్టి ఇదే, ఆ బోరు నీళ్లు ఇవే, ఆ ఎండ ఇదే. నర్సరీ అతను చెప్పలేని విషయం ఆ గోడ మీద నుంచి వంగిన కొమ్మ చెబుతుంది.

జాబితా చిన్నదే అయింది. గన్నేరు, నందివర్ధనం, కాగితం పూలు, గేట్ల మీద రాధామనోహరం, ఒక ఇంటి వాష్ ఏరియా పక్కన ఏపుగా పెరిగిన కరివేపాకు, రెండు జామచెట్లు, ఖాళీ ప్లాట్లలో తంగేడు. చచ్చినవాటి జాబితా పాపే సొంతంగా మొదలుపెట్టింది. ఆకుల కొనలు కాలిపోయిన అరెకా పామ్‌లు దాదాపు ప్రతి గేటు దగ్గరా ఉన్నాయి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ముందు దెబ్బతినేది వాటి ఆకుల కొనలే. గులాబీలు రెండిళ్లలో, రెండూ నామమాత్రం. పార్కు చుట్టూ కోనోకార్పస్ గోడలా పెరిగింది. సార్ దాన్నే వేయిద్దామన్నారు, తొందరగా ఎదుగుతుంది కదా అని. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. నాకైతే అంతదూరం కూడా అక్కర్లేదు, దాని వేళ్లు సంపు వైపు వెళ్తాయన్న భయం చాలు.

ఒక ఇంటి ముందు సన్నజాజి పందిరి కింద ఆగిపోయాం. ఇంటావిడ ముగ్గేస్తూ మమ్మల్ని చూసి విషయం అడిగింది. "కొమ్మ కత్తిరించి ఇస్తే బతకదమ్మా. నేలంటు తొక్కి పెడతా, వానలు పడ్డాక వచ్చి తీసుకెళ్లు" అని అక్కడికక్కడే ఒక తీగను వంచి, కణుపు దగ్గర కాస్త గీరి, మట్టిలో పెట్టి పైన రాయి పెట్టింది. ఆగస్టులో ఆ అంటు వేళ్లతో సహా మా చేతికొచ్చింది. ఈ తోటలో ఇవాళ అందరూ ముందు అడిగే తీగ అదే, దానికి మాకు అయిన ఖర్చు సున్నా.

నర్సరీలకు మేం చివర్లో వెళ్లాం. చాలామంది అక్కడే మొదలుపెడతారు. నెక్లెస్ రోడ్డులో జరిగే నర్సరీ మేళా అయినా, కడియం వెళ్లినా, చేతిలో జాబితా లేకపోతే ఆ రోజు పూసి ఉన్నదే కొంటాం. కడియం మొక్కల గురించి ఒక్క మాట. వేళ్ల చుట్టూ ఉండే బంకమట్టి గడ్డను అలాగే మన ఎర్రమట్టిలో పాతితే, పోసిన నీళ్లు దాని పక్క నుంచి జారిపోతాయి, గడ్డ లోపల ఎండి ఇటుకైపోతుంది. గంటసేపు నీళ్ల బకెట్లో నానబెట్టి, అంచులు వేళ్లతో మెల్లగా వదులు చేసి నాటాలి.

పెద్దమ్మ మాట

ఈ తోటకు అసలు ఐడియా ఇచ్చింది పెద్దమ్మ. అదీ అడిగితే ఇచ్చింది కాదు. "మీకేం కావాలి పెద్దమ్మా" అని రెండుసార్లు అడిగాను, "నాకేం గావాలె బిడ్డా, మీకు ఏది మంచిగుంటె అదే" అంది. మూడోసారి అడగడం మానేసి, సూర్యాపేట వైపు వాళ్ల పాత ఇంటి పెరడు ఎలా ఉండేదో చెప్పమన్నాను. గంటన్నర చెప్పింది. బావి గిలక దగ్గర అరటి, గోలెం పక్కన గోరింటాకు చెట్టు, కొట్టం మీదికి పాకించిన అనపతీగ, దడి పొడుగునా చిక్కుడు, పిలవకపోయినా మొలిచే గంగవాయిల కూర, పుంటికూర మడి. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి, కాస్త విసుగ్గా అంది: "గిప్పుడు బతుకమ్మకు పూలు గూడ కిలోల లెక్క కొంటున్నరు. పూలు కొనుక్కొచ్చి బతుకమ్మ పేర్చుడేంది?"

మేడం నా వైపు చూశారు. నేను అప్పటికే నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను.

ముందు కాంపౌండ్ గోడ వెంట 24 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు మడి. అందులో వెనక వరుస తంగేడు, మధ్యలో గునుగు, ముందు బంతి. గోడ కప్పుతుంది, మొరం నేలకు, ఉప్పు నీళ్లకు తట్టుకుంటుంది, ఏడాదికి తొమ్మిది రోజుల పాటు, బతుకమ్మ పండుగకు, ఇంటికి పని ఉంటుంది. అదే మడికి ఎవరో కొనిపెట్టిన డురాంటా హెడ్జ్ ఉంటే నెలకోసారి కత్తెర పట్టుకోవడం తప్ప ఇంకేం ఉండేది కాదు.

కూర్చునే చోటు కూడా పెద్దమ్మ దగ్గరే దొరికింది. సాయంత్రం నాలుగైతే ఆమె ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని మెట్ల పక్కన గోడకు ఆనుకుని వేసుకునేది. తూర్పు ముఖం ఇల్లు కాబట్టి మధ్యాహ్నం నుంచి ముందు జాగా అంతా ఇంటి నీడే. ఇంకా, అక్కణ్ణుంచి గేటు, వీధి, కూరగాయల బండి అన్నీ కనిపిస్తాయి. నేను మొదట బెంచీ ఉత్తరం సందులో అనుకున్నాను, ఏకాంతంగా ఉంటుందని. పెద్దమ్మకు ఏకాంతం అక్కర్లేదు. ఆ కుర్చీ ఉన్నచోటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు అరుగు కట్టించాం, పైన తాండూరు బండ పరిచి. ఫొటో కింద మేడం రాసిన "ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది" అన్న వాక్యం నాకు ఆ ఖాళీ కుర్చీని చూసినప్పుడే అర్థమైంది.

ముగ్గు

నేను కంప్యూటర్ ప్లాన్లు గీస్తాను, కానీ ఇంటివాళ్లలో ఎక్కువమందికి కాగితం మీద గీత నేల మీద ఎంత ఉంటుందో అందదు. అందుకే అసలు సైజులో నేల మీదే గీయిస్తాను. ఇక్కడ దానికి ముగ్గుపిండి కంటే మంచి పరికరం నాకు ఇంతవరకు దొరకలేదు.

మే 12న మూడు రంగులు తీసుకున్నాం. పొద్దున ఎనిమిదికి నీడ ఎక్కడ ఆగిందో తెల్లముగ్గు, పన్నెండుకు పసుపు, నాలుగింటికి ఎరుపు. మర్నాడు పాత లాన్ మీద మడులు, దారి, అరుగు అన్నీ మేడం ముగ్గుతో గీశారు. చేయి తిరిగిన మనిషి, ఒంపు ఒక్క ఊపులో వచ్చింది. చిన్న మొక్కల చోట బోర్లించిన బకెట్లు, పెద్దవాటి చోట ప్లాస్టిక్ కుర్చీలు పెట్టాం. వారం రోజులు అలాగే వదిలేసి, ఆ ఇంట్లో మామూలుగా తిరగమన్నాను.

వారంలో మూడు మార్పులొచ్చాయి. పాప రోజూ గేటు నుంచి వంటింటి తలుపుకి అడ్డంగా పరిగెత్తి ఒంపును చెరిపేసింది. దారి అక్కడికే మార్చాం, ఒంపు తగ్గింది గానీ పోలేదు. సార్ కారు వెనక్కి తీసినప్పుడు ఎడమ చక్రం ముగ్గు మీద నుంచి వెళ్లింది, మడి అంచు అడుగున్నర లోపలికి జరిగింది. మూడోది: గ్యాస్ సిలిండర్ అబ్బాయి సిలిండర్ దొర్లించుకుంటూ వచ్చే దారిలో రెండు బకెట్లు పడిపోయాయి. ఈ మూడూ సిమెంటు, రాయి పడ్డాక తెలిసి ఉంటే ఎంత ఖర్చయ్యేదో నాకు తెలుసు, వేరే ఇళ్లలో తెలుసుకున్నాను.

వాస్తు చూసే ఆయన కూడా ఒక పూట వచ్చి వెళ్లారు. నైరుతిలో బరువు, ఈశాన్యంలో తేలిక అన్నారు. నాకు అభ్యంతరం లేదు. ఈశాన్యంలో సంపు ఉంది, దాని పక్కన చెట్టు నేనూ పెట్టను. పడమటి గోడకు సాయంత్రపు ఎండ కాస్తుంది కాబట్టి అక్కడ పచ్చదనం కావాలి. నైరుతిలో సీతాఫలం పెట్టమన్నారు, నేను జామకు మార్చమని అడిగాను. సీతాఫలం సరిగ్గా ఎండాకాలంలోనే ఆకు రాలుస్తుంది, గోడకు నీడ కావాల్సింది అప్పుడే. జామ అయినా ఆయనకు సరే. పడకగది గోడకు అడుగు దూరంలో ఇనుప తీగలు కట్టి రాధామనోహరం పాకించాం. తీగకు గోడకు మధ్య ఆ అడుగు ఖాళీ ముఖ్యం, గోడ వేడి తీగను మాడ్చదు, తీగ తేమ గోడకు పట్టదు.

నేల, నీళ్లు

దీన్ని తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఖర్చు ఎక్కువ, చూడ్డానికి ఏమీ ఉండదు. ముందు జాగాలో అడుగు లోతు చెత్త తీసి పడేశాం. మొరం పొరను నాలుగైదు చోట్ల గడ్డపారలతో పగలగొట్టించాం. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి, ఒక ట్రాక్టరు బాగా మాగిన పశువుల ఎరువు, చెదల కోసం కొంత వేపపిండి. మడులన్నీ ఇటుక అంచుతో తొమ్మిది అంగుళాలు ఎత్తు చేశాం, కింద నీళ్లు దిగని నేల కాబట్టి.

నీళ్ల లెక్క సార్‌కి నచ్చింది, బ్యాంకు మనిషి కదా. పాత లాన్ 37 చదరపు మీటర్లు. ఎండాకాలంలో రోజుకు చదరపు మీటరుకు ఐదు లీటర్లు వేసుకున్నా 185 లీటర్లు. నెలకు ఐదున్నర వేల లీటర్లు, అంటే ఒక చిన్న ట్యాంకర్‌కి పైనే. ఇటు డాబా 104 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు. అంటే 80,000 లీటర్ల పైచిలుకు ఉప్పులేని నీళ్లు డాబా గొట్టాల్లోంచి రోడ్డు మీదికి పోతున్నాయి. రెండు వేల లీటర్ల ట్యాంకు పెట్టి, నిండాక బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్లించాం.

ఆ ఏడాది వానలు మమ్మల్ని రెండు వైపులా పరీక్షించాయి. జులై ఆఖరు వారంలో తెలంగాణ అంతా కుండపోత. ముందు జాగాలో రెండు రోజులు నీళ్లు నిలిచాయి. ఎత్తు మడులు నిలబడ్డాయి. నేలమట్టంలో పెట్టిన ఒకే ఒక్క మొక్క నిమ్మ, అది వేరు కుళ్లి పోయింది. దాన్ని ఎత్తు చేయాలని నాకు తెలియక కాదు, ఆ రోజు ఇటుకలు అయిపోయాయి, రేపు చూద్దాంలే అనుకున్నాను. తర్వాత ఆగస్టు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అంత పొడిగా గడిచిన ఆగస్టు ఇంకొకటి లేదు. ట్యాంకు పది రోజులకే ఖాళీ అయింది. మిగతా నెలంతా బోరు నీళ్లే, డ్రిప్పులో. మొక్కల మొదట్లో నాలుగంగుళాలు ఎండుటాకులు, కొబ్బరిపీచు పరిచి నెట్టుకొచ్చాం.

పూల మడి

తంగేడు విషయంలో మా మనిషి ఒకడు ఉత్సాహం చూపించాడు. ఖాళీ ప్లాటులో మూడడుగుల మొక్కను తవ్వి తెచ్చి నాటాడు. వారానికి వాడిపోయింది. తంగేడుకు వేరు నిలువుగా లోతుకు పోతుంది, అది తెగితే ఇక లేదు. విత్తనాలు తెచ్చి, వేడి నీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టి, జూన్‌లో నేరుగా మడిలోనే గుచ్చాం. మొలిచాయి గానీ మొదటి ఏడాది పూత ఆశించలేదు. గునుగు విత్తనం పెద్దమ్మ ఊరి నుంచి తెప్పించింది, పాత క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టి. చేతిలో పోసుకుంటే నల్లగా నిగనిగలాడుతూ ఆవగింజ కంటే సన్నగా ఉంది. ఇసుకలో కలిపి చల్లింది, నేను లైన్లు గీస్తానంటే నవ్వింది.

బంతికి మాత్రం లెక్క వేసుకున్నాం. 2023లో ఎంగిలిపూల బతుకమ్మ, అంటే పండుగ మొదటి రోజు, అక్టోబర్ 14న. నారు పోసినప్పటి నుంచి పూత పట్టడానికి సుమారు రెండు నెలలు, పూలు బాగా విచ్చడానికి ఇంకో రెండు వారాలు. జులై మూడో వారంలో నారు పోసి, ఆగస్టు 12న నాటాం. నెల తిరిగేసరికి కొనలు తుంచాం, పక్క కొమ్మలు రావడానికి.

అక్టోబర్ 14 నాటికి గునుగు తెల్లగా, గులాబీగా నిలబడింది. బంతి కూడా పూసింది. తంగేడు మాత్రం ఖాళీ ప్లాటు నుంచే కోసుకొచ్చారు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని తాంబాళంలో పేరుస్తుంటే పాప పూలు అందించింది. నేను పనిమీద వెళ్లినట్టు వెళ్లి చూసొచ్చాను. అప్పుడు ఒక విషయం కంట్లో పడింది. మడిలో దక్షిణం చివర పన్నెండు, పదమూడు అడుగుల మేర బంతి పొట్టిగా, మొగ్గలతోనే ఉంది. ఆ చివర ఎరువు తక్కువ పడి ఉంటుందనుకుని వచ్చేశాను. నాకు అర్థం కావాల్సింది అప్పుడే.

డిసెంబర్ నీడ

వంటింటి తలుపు పక్కన, దక్షిణం వైపు జాగాలో కూరగాయల మడులు వేశాం. పది అడుగుల్లో టమాటా, వంకాయ, పక్కన చామంతి. మే నెలలో పసుపు ముగ్గు గీత ఆ జాగాలో ఎక్కడా లేదు, మిట్టమధ్యాహ్నం అంతా ఎండే. అక్టోబర్‌లో టమాటా నారు నాటాం.

డిసెంబర్ మధ్యలో మేడం ఫోన్ చేశారు. టమాటా మొక్కలు సన్నగా పొడుగ్గా సాగుతున్నాయి, పూత రాలుతోంది, చామంతి మొగ్గలు విచ్చుకోవట్లేదు. నీళ్లు తగ్గించమన్నాను. తర్వాత ఎరువు మార్చమన్నాను. ఫోన్లో వైద్యం చేశాను, ఒప్పుకుంటున్నాను. 22న వెళ్లాను. పన్నెండుంపావు అయింది, చామంతి మడి దగ్గర నిలబడ్డాను, నా మీద ఎండ లేదు.

దక్షిణం ఇల్లు రెండంతస్తులు, పైన పెంట్‌హౌస్. పిట్టగోడతో కలిపి సుమారు 36 అడుగులు. పైగా వాళ్లు రోడ్డుకు ఐదడుగులే వదిలి కట్టారు, అందుకే వాళ్ల గోడ మా ముందు జాగా పక్కగా వస్తుంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నిలువు గోడకు నీడే ఉండదు. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో అంతే. నేను నీడలు కొలిచింది మే 12న. ఏడాదిలో నీడ కొలవడానికి అంతకంటే పనికిరాని రోజు ఉండదు. డిసెంబర్ 22 దగ్గర సూర్యుడు దక్షిణానికి బాగా వాలతాడు, మధ్యాహ్నం పది అడుగుల గోడకు ఎనిమిదిన్నర అడుగులకు పైగా నీడ ఉత్తరానికి పడుతుంది. 36 అడుగులకు 31. వాళ్ల సందు నాలుగడుగులు తీసేస్తే మా జాగాలో 27 అడుగులు. టేపు పెట్టి చూశాం, అంతే వచ్చింది. అంటే 24 అడుగుల తోట మొత్తం, పోర్టికోలో మూడడుగులు కూడా. అక్టోబర్‌లో బంతి పొట్టిగా ఉన్న ఆ పదమూడు అడుగులు కూడా ఆ రోజుల నీడ లెక్కకు సరిగ్గా సరిపోతాయి.

మేడం మాట్లాడకుండా లోపలికెళ్లి ముగ్గు డబ్బా తెచ్చి ఆ గీత పోశారు. పెద్దమ్మ అరుగు మీద నుంచే అంది: "పొద్దు అటు జరిగింది బిడ్డా. సంక్రాంతి దాటినంక మెల్లగ ఇటు మల్లుతది. ఎండకాలంల కొలిస్తె ఎట్ల తెలుస్తది?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. పదిహేనేళ్లలో ఎన్ని ఇళ్లలో ఒక్క రోజు నీడతో ప్లాన్ గీశానో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

టమాటా, వంకాయ మొక్కలు నా ఖర్చుతో డాబా మీదికి గ్రో బ్యాగుల్లోకి వెళ్లాయి, కొన్ని బతికాయి. కింద మడులకు రెండు క్యాలెండర్లు పెట్టుకున్నాం. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ ఎండ పుష్కలం: పుంటికూర, బెండ, గోరుచిక్కుడు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి మూడు నాలుగు గంటల ఎండే: కొత్తిమీర, మెంతి, పాలకూర, పుదీనా. ఆ తక్కువ ఎండకు ఈ కూరలు బాగానే వస్తాయి. దక్షిణం గోడ మొదట్లో, ఎప్పుడూ తేమ ఉండే మూలలో తమలపాకు తీగ పెట్టాం, ఊహించినదానికంటే ఏపుగా పాకింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా దక్షిణం వైపు భవనం ఎత్తు ముందు అడుగుతాను, దాన్ని 0.86తో గుణించి డిసెంబర్ గీత కూడా మేలోనే నీలం ముగ్గుతో పోయిస్తాను.

ఖర్చు, ఇప్పటి పరిస్థితి

చెత్త తీయడం, మట్టి, ఎరువు 31,000. అరుగు, దారి రాళ్లు 22,500. ట్యాంకు, గొట్టాలు, ఇంకుడు గుంత, డ్రిప్పు 24,000. మొక్కలు, విత్తనాలు కలిపి 8,700. నా ఫీజు 15,000. మొత్తం 1,01,200. మొక్కల వాటా చూసి సార్ నమ్మలేదు, బిల్లులన్నీ మళ్లీ కూడుకున్నారు.

2024 బతుకమ్మ అక్టోబర్ 2న మొదలైంది. ఆ ఏడాది తంగేడు సొంత మడిలోనే పూసింది. గునుగును ఎవరూ చల్లలేదు, రాలిన గింజలే దారి రాళ్ల మధ్య కూడా మొలిచాయి. పెద్దమ్మ పీకనివ్వలేదు. మేడం ఫోన్‌లో ఆ ఫోల్డర్ ఇంకా ఉంది, అందులో ఇప్పుడు ఎక్కువ ఫొటోలు కాలనీలో ఇళ్లవే. సన్నజాజి ఇచ్చినావిడకు మేం గునుగు విత్తనం పంపాం. ఉత్తరం సందు మాత్రం ఇంకా ఏమీ చేయలేదు, ఎండాకాలంలో అక్కడ ఏం జరుగుతుందో ఒక ఏడాది చూడాలన్నాను.

మొన్న మేడం మెసేజ్ పెట్టారు. దక్షిణం ఇంటివాళ్లు పెంట్‌హౌస్ తీసేసి దాని స్థానంలో ఇంకో పూర్తి అంతస్తు వేస్తున్నారట. ఎత్తు ఎంతవుతుందో మేస్త్రీని అడిగి పెట్టమన్నాను.